ఇంట్లో పిల్లలకు సైన్సు చెప్పడానికి ఏ దారి ఎవరికి సరిపోతుంది?

పిల్లలను బడికి పంపకుండా ఇంట్లోనే చదివించాలని నిర్ణయించుకున్న తల్లిదండ్రులు తెలుగు, లెక్కలు, సాంఘికశాస్త్రం చెప్పడానికి అంతగా వెనకాడరు గానీ, సైన్సు దగ్గరికి వచ్చేసరికి చాలామందికి ధైర్యం సన్నగిల్లుతుంది. విశాఖపట్నంలో మా ఇద్దరు పిల్లలకు ఆరేళ్లుగా నేను ఇంట్లోనే చదువు చెబుతున్నాను. నేను చదివింది బీకాం. పదో తరగతి పరీక్షలు రాసిన తర్వాత భౌతికశాస్త్రం పుస్తకం మళ్లీ తెరిచింది పిల్లల కోసమే. ఈ ఆరేళ్లలో సొంతంగా చెప్పడం, మాస్టారిని పెట్టుకోవడం, ఆన్‌లైన్ తరగతులు, ప్రయోగాల కిట్లు, మరికొన్ని కుటుంబాలతో కలిసి చెప్పుకోవడం అన్నీ చేసి చూశాం. ఇప్పుడే మొదలుపెడుతున్నవారు, మధ్యలో ఆగి ఆలోచిస్తున్నవారు తమకు ఏది సరిపోతుందో తేల్చుకోవడానికి ఆ అనుభవం పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

భయం ఏ రకమో ముందు తేల్చుకోవాలి

సైన్సు అంటే భయం అని ఒక్క మాటలో అనేస్తాం గానీ, అందులో వేరువేరు భయాలు కలిసిపోయి ఉంటాయి. కొందరికి పాఠమే తమకు రాదన్న బెంగ ఉంటుంది. బలం, పీడనం, అణువు, పరమాణువు అన్న మాటలు ఎప్పుడో విన్నట్టు ఉంటాయి తప్ప పిల్లవాడు ఎదురు ప్రశ్న వేస్తే నిలబడగలమన్న నమ్మకం ఉండదు. కొందరికి పాఠం అర్థమవుతుంది గానీ ప్రయోగమంటే చెయ్యి ఆడదు. నిప్పు, కరెంటు, ఆమ్లం అనగానే వెనక్కి తగ్గుతారు. ఇంకొందరిని పట్టి పీడించేది పరీక్ష: రేపు పదో తరగతి ఎలా రాయిస్తాం, ల్యాబు మార్కులు ఎక్కడి నుంచి వస్తాయి అన్న ఆలోచన. ఈ మూడింటికీ ఒకే మందు పనిచేయదు. పాఠం రాదని బెంగపడేవారు కిట్టు కొంటే ఆ కిట్టు నెలలోపే అటకెక్కుతుంది. పరీక్ష గురించి దిగులుపడేవారు బొమ్మల వీడియోలకు డబ్బు కడితే ఏడాది చివర కూడా ఆ దిగులు అలాగే ఉంటుంది.

మీది ఏ భయమో తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష పెట్టుకోవచ్చు. ఆరు, ఏడు తరగతుల సైన్సు పుస్తకాల్లో ఉండే విద్యుత్ వలయం పాఠాన్ని ఒకసారి నిదానంగా చదివి, మర్నాడు పుస్తకం మూసేసి ఇంట్లో పెద్దవారెవరికైనా పది నిమిషాలు చెప్పి చూడండి. ఆ తర్వాత రెండు బ్యాటరీ సెల్లులు, ఒక ఎల్‌ఈడీ దీపం తీసుకుని వెలిగించి చూడండి. మాట దగ్గర తడబడ్డారా, తీగ దగ్గర తడబడ్డారా అన్నది అక్కడే తెలిసిపోతుంది. రెండూ సాఫీగా జరిగిపోయినా గుండెలో బరువు తగ్గలేదంటే, మీ భయమంతా పరీక్ష గురించేనని అనుకోవచ్చు.

మనమే చెప్పడం

ఏడో తరగతి వరకు నేను అన్నింటికంటే ముందు సిఫారసు చేసేది ఈ దారినే. ఖర్చు తక్కువ కావడం ఒక కారణమే గానీ అసలు కారణం వేరు. మిగతా దారులన్నింటిలోనూ సైన్సు పిల్లలకు వస్తుంది, ఈ ఒక్క దారిలో పెద్దవాళ్లకూ వస్తుంది. ధైర్యం కావలసింది పెద్దవాళ్లకు.

పుస్తకాల విషయంలో ముఖ్యంగా రెండు ఎంపికలున్నాయి. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు ఆ సంస్థ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. వాటిలో చేసి చూడవలసిన పనులు పాఠంలోనే కలిసిపోయి ఉంటాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020 నుంచి ద్విభాషా పాఠ్యపుస్తకాలు తెచ్చింది. వాటిలో ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో అదే పాఠం ఇంగ్లీషులో ఉంటుంది. తెలుగు మాధ్యమంలో చదువుకున్న తల్లిదండ్రులకు ఈ పుస్తకాలు చేసే మేలు ఇంతా అంతా కాదు. నాకు తెలిసినవారిలో సగం మంది సైన్సు రాదని అనుకుంటున్నది నిజానికి ఇంగ్లీషు పదాలు రాకపోవడం వల్లనే. ఫోటోసింథసిస్ అనగానే బిగుసుకుపోయేవారు ఎదుటి పేజీలో కిరణజన్య సంయోగక్రియ అన్న మాట చూడగానే, ఎండ కిరణాల వల్ల పుట్టే కలయిక అని తమంతట తామే విడదీసి చెప్పగలుగుతారు. క్లోరోఫిల్‌కు పత్రహరితం అన్న పేరు ఉండగా, అది ఆకుల్లోని పచ్చదనమని విడిగా వివరించనవసరం లేదు. నేను పాఠం అర్థం చేసుకోవడానికి రాష్ట్ర పుస్తకం, పిల్లలతో చేయించడానికి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం వాడాను. రెండింటినీ మొదటి నుంచి చివరి వరకు పూర్తి చేయాలన్న పట్టుదల మాత్రం పెట్టుకోవద్దు. ఆ పట్టుదలతో మొదటి ఏడాది నేనూ అలసిపోయాను, పిల్లలూ అలసిపోయారు.

ప్రయోగాన్ని ముందురోజు రాత్రి, పిల్లలు పడుకున్నాక, ఒంటరిగా చేసి చూసుకోవడం నేను పెట్టుకున్న నియమం. ఎల్‌ఈడీ ఒక్క సెల్లుతో వెలగదు, 1.5 వోల్టులు దానికి చాలవు, రెండు సెల్లులు వరుసగా కలపాలి. పొడుగు కాడను ధన ధ్రువం వైపు కలపాలి, తిరగేస్తే వెలగదు. ఇవి పుస్తకంలో ఉన్నవే అయినా, పిల్లల ముందు మొదటిసారి చేస్తూ దీపం వెలగకపోతే గాభరాలో ఏదీ తోచదు. ముందురోజు రాత్రి అదే దీపం వెలగకపోతే కాస్త తీరిగ్గా కూర్చుని కారణం వెతుక్కుంటాం. ఆ అరగంటలో నేర్చుకున్నది పాఠం నాలుగుసార్లు చదివినా రాదు. ఎల్‌ఈడీని నేరుగా తొమ్మిది వోల్టుల బ్యాటరీకి కలిపితే మాడిపోతుందన్న సంగతి కూడా అలాగే తెలుసుకున్నాను. గోడలోని కరెంటుతో ఏ ప్రయోగమూ చేయకూడదన్నది మాత్రం మా ఇంట్లో మినహాయింపు లేని నియమం.

వంటింట్లో ఉన్నవాటితోనే రెండు మూడేళ్ల పాఠాలు నడుస్తాయి. పసుపులో సున్నం కలిపి పారాణి చేసే ప్రతి ఇల్లాలికీ ఆమ్లక్షార సూచిక అంటే ఏమిటో చేతులకు తెలుసు, ఆ పేరే తెలియదు. కాగితానికి పసుపు నీళ్లు పట్టించి ఆరబెట్టి, సబ్బునీటి చుక్క వేస్తే ఎర్రబడుతుంది. ఆ ఎరుపు మీద నిమ్మరసం పిండితే మళ్లీ పసుపు రంగుకు వస్తుంది. ఆ కాగితాల మీద మా పిల్లలు తినే సోడా, పెరుగు, చింతపండు పులుసు, ఉప్పునీళ్లు అన్నీ వేసి చూశారు. పెరుగుకూ ఉప్పునీళ్లకూ కాగితం రంగు మారకపోవడంతో, రెండూ ఒకటేనా అని చిన్నవాడు అడిగాడు. పసుపు క్షారాన్ని చూపిస్తుంది గానీ ఆమ్లాన్నీ తటస్థ పదార్థాన్నీ వేరు చేయలేదు. అందుకు శంఖుపూల రసం కావలసి వచ్చింది. అది ఆమ్లంలో గులాబీ ఛాయకు, క్షారంలో ఆకుపచ్చకు తిరుగుతుంది. ఇడ్లీ పిండిని ఒకే కొలతలో రెండు గాజు సీసాల్లో పోసి, పిండి ఉన్న ఎత్తులో రబ్బరు బ్యాండు చుట్టి, ఒకటి ఫ్రిజ్‌లోనూ ఒకటి పొయ్యి గట్టు మీదా పెడితే, తెల్లారేసరికి సూక్ష్మజీవుల పాఠం సగం అయిపోతుంది. మినపప్పులో ఉండే లూకోనాస్టాక్ అనే బ్యాక్టీరియా వదిలే కార్బన్ డయాక్సైడ్ వల్లనే పిండి పొంగుతుంది. మన ఊళ్లో మే నెలలో ఎంత పొంగుతుందో, జనవరిలో ఎంత పొంగుతుందో అదే బ్యాండుతో కొలిచి రాసి ఉంచుకుంటే, ఉష్ణోగ్రత ప్రభావం గురించి విడిగా చెప్పనక్కరలేదు.

ఇక్కడ ఒక సంఘటన చెప్పాలి, ఎందుకంటే నాకు సైన్సు చెప్పే ధైర్యం వచ్చింది ఆ రోజునే. పళ్లెంలో రంగునీళ్లు పోసి, మధ్యలో చిన్న కొవ్వొత్తి వెలిగించి, దాని మీద గాజుగ్లాసు బోర్లిస్తే, కొవ్వొత్తి ఆరిపోయి నీళ్లు గ్లాసులోకి ఎక్కుతాయి. గాలిలో ఐదో వంతు ఆక్సిజన్ ఉంటుంది, మంట దాన్ని వాడేసుకుంది, ఆ ఖాళీలోకి నీళ్లు వచ్చాయి అని నా చిన్నప్పుడు నేర్చుకున్నాను, అలాగే పిల్లలకు చెప్పాను. మా పెద్దమ్మాయికి అప్పుడు పదేళ్లు. మూడు కొవ్వొత్తులు పెట్టి చూద్దామంది. గ్లాసు అదే, గాలి అంతే, కాబట్టి నీళ్లూ అంతే ఎక్కాలి అన్నాను. ఎక్కిన నీళ్ల మట్టం మొదటిసారి కంటే బాగా పైన ఉంది. నేను తప్పు చెప్పానని ఆ పళ్లెంలోనే కనబడుతోంది.

మళ్లీ చేశాం, ఈసారి కళ్లు పళ్లేనికి ఆనించి చూశాం. గ్లాసు బోర్లించిన మొదటి క్షణాల్లో అంచు కింద నుంచి బుడగలు బయటికి వస్తున్నాయి. నీళ్లు వేగంగా ఎక్కేది మంట ఆరిపోయిన తర్వాత. మంట వేడికి గాలి వ్యాకోచించి కొంత బయటికి పోతుంది, మంట ఆరాక మిగిలిన గాలి చల్లబడి కుంచించుకుపోతుంది, అప్పుడు బయటి గాలి పీడనం నీటిని లోపలికి నెడుతుంది. మూడు కొవ్వొత్తులకు వేడి ఎక్కువ కనుక బయటికి పోయే గాలీ ఎక్కువ. పైగా మంట ఆరే సమయానికి ఆక్సిజన్ పూర్తిగా అయిపోదు, ఖర్చైన దాని స్థానంలో కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. ఇదంతా తెలుసుకోవడానికి మాకు రెండు రోజులు పట్టింది. నేను చెప్పింది తప్పని పిల్లల ముందే ఒప్పుకుని, మరి సరైనదేమిటో వెతుకుదామన్నాను. నా మీద వాళ్లకు గౌరవం ఏమీ తగ్గలేదు. ఆ రోజు నుంచే తెలియని ప్రశ్నలు రాసే నోటు పుస్తకం ఒకటి గోడకు వేలాడదీశాం. వారంలో పోగుపడిన ప్రశ్నల్లో కొన్నింటికి శుక్రవారం కూర్చుని జవాబులు వెతుకుతాం, కొన్ని నెలల తరబడి అలాగే ఉంటాయి.

ఈ దారికి ఉన్న పరిమితిని కూడా దాచకుండా చెప్పాలి. ఎనిమిదో తరగతి దాటాక రసాయన సమీకరణాల తుల్యం, చలన సమీకరణాలు, నిరోధాల లెక్కలు మొదలవుతాయి. ముందురోజు రాత్రి చదివి మర్నాడు చెప్పడమనే పద్ధతి అక్కడ సాగదు. పైగా రోజుకు గంట అయినా ముందస్తు తయారీకి తీరిక లేనివారు, ఇద్దరూ ఉద్యోగాలు చేసేవారు దీన్ని ఒక్కదాన్నే నమ్ముకుంటే పాఠాలు వెనకబడతాయి.

మాస్టారిని పెట్టుకోవడం

విశాఖలో ట్యూషన్ చెప్పేవారికి కొదవ లేదు, కాని వారిలో ఎక్కువమంది పరీక్షకు తయారుచేయడంలో ఆరితేరినవారు. ఇంట్లో చదివే పిల్లలకు కావలసిన ఓపిక అందరిలోనూ ఉండదు. మేము మొదట పెట్టుకున్న మాస్టారు పాఠం చక్కగా చెప్పేవారు. అయితే పిల్లలు ప్రశ్న వేస్తే, అది మీ సిలబస్‌లో లేదని ఆపేసేవారు. మూడు నెలలకు పిల్లలు ప్రశ్నలు వేయడం మానేశారు. అది గమనించి మాన్పించాం. మాస్టారిని ఎంచుకునేటప్పుడు డిగ్రీ ఏమిటని అడగడం కంటే, మీకు తెలియని ప్రశ్న పిల్లలు అడిగితే ఏం చేస్తారని అడగడం మేలు. ఒక తరగతి దగ్గర కూర్చుని చూడనివ్వమని కూడా అడగాలి; కాదన్నవారిని వదిలేయడమే మంచిది.

ఆ తర్వాత మేము చేసిన మార్పు నాకు తెలిసినంతలో అన్నింటికంటే మేలైన ఏర్పాటు. మాస్టారిని పిల్లలకు కాకుండా నాకు పెట్టుకున్నాను. డిగ్రీ కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన ఒక మేడం గారు శనివారం గంటన్నర నాకు పాఠం చెబుతారు. రాబోయే వారం పాఠాలు, అందులో పిల్లలు తడబడే చోట్లు, చేయదగ్గ ప్రయోగం, లెక్కలు అన్నీ నేను ఆమె దగ్గర నేర్చుకుని సోమవారం నుంచి పిల్లలకు చెబుతాను. పిల్లలకు వారానికి మూడు రోజులు ట్యూషన్ పెట్టించే ఖర్చులో ఇది సగం కూడా కాదు. ద్రవ్యరాశికీ భారానికీ తేడా ఏమిటో నాకు నలభై ఏళ్లు దాటాక, ఆ మేడం గారి ముందు గదిలో నిజంగా అర్థమైంది. పాఠం రాదన్న భయం ఉన్నవారికి, ముఖ్యంగా ఎనిమిది నుంచి పదో తరగతి పిల్లలున్నవారికి, నేను గట్టిగా చెప్పే సలహా ఇదే.

తల్లిదండ్రులకు ఆ తీరిక కూడా లేనప్పుడు నేరుగా పిల్లలకు మాస్టారిని పెట్టక తప్పదు. అప్పుడైనా వారానికి ఒక ప్రయోగం మాత్రం ఇంట్లోవారి చేతి మీదుగా జరగాలి.

ఆన్‌లైన్ తరగతులు, ఉచిత వనరులు

ఇందులో డబ్బు కట్టి చేరే తరగతులను, ఉచితంగా దొరికే వనరులను వేరుగా చూడాలి. డబ్బు కట్టే తరగతుల్లో మా అనుభవం బాగాలేదు. ఏడాది రుసుము ముందే కట్టించుకున్నారు. ప్రతి తరగతిలోనూ పిల్లలు ఎంతో మంది, ప్రశ్న టైపు చేస్తే జవాబు వచ్చేసరికి పాఠం ముందుకు వెళ్లిపోయేది. మా అబ్బాయి అన్ని తరగతులూ చూశాడు, చూసిన దాన్ని తిరిగి చెప్పమంటే రెండు వాక్యాలు దాటేవి కావు. మధ్యలో ఆపేస్తామంటే డబ్బు తిరిగి రాలేదు. చేరాలనుకునేవారు నెలవారీగా కట్టే వీలున్న చోటే చేరండి, తరగతికి ఎంతమంది పిల్లలో ముందే రాతపూర్వకంగా అడగండి. ఆకట్టుకునేలా మాట్లాడే ఉపాధ్యాయుడి తరగతిలో పెద్ద పిల్లలు లాభపడిన సందర్భాలు మా పరిచయస్తుల్లో ఉన్నాయి. పదమూడేళ్లలోపు పిల్లలకు మాత్రం నేను సిఫారసు చేయలేను.

ఉచిత వనరుల సంగతి వేరు. కొలరాడో విశ్వవిద్యాలయంలో 2002లో నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ మొదలుపెట్టిన ఫెట్ అనుకరణలు, అంటే కంప్యూటర్ తెరమీద చేసి చూసే ప్రయోగాలు, వలయాలు, కాంతి, ఘర్షణ, సాంద్రత వంటి పాఠాలకు ఎంతో ఉపయోగపడతాయి. తెరమీద తీగలు కలిపి చూసుకున్నాక నిజం తీగలు పట్టుకుంటే చెయ్యి వణకదు. ప్రయోగమంటే భయపడే పెద్దవాళ్లు ముందు తమకోసం ఇవి వాడుకోవాలి. తొమ్మిది నుంచి పన్నెండో తరగతి వరకు ల్యాబు ప్రయోగాలను చూపించే ఓల్యాబ్స్‌ను అమృత విశ్వవిద్యాపీఠం, కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీడాక్ కలిసి తయారుచేశాయి. పారేసే వస్తువులతో సైన్సు బొమ్మలు చేయడం నేర్పే అరవింద్ గుప్తా వీడియోలు చిన్నపిల్లలకు పండుగే. ఆయనకు 2018లో పద్మశ్రీ వచ్చింది. ఇవన్నీ చూసి చేయడానికి గానీ, చూసి ఊరుకోవడానికి కాదు. అరగంట వీడియో చూస్తే గంట చేతిపని ఉండాలన్నది మా లెక్క.

కిట్లు

కిట్ల గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. పెట్టెలో వచ్చిన ముక్కలను సూచనల ప్రకారం అతికిస్తే పని అయిపోతుంది, మళ్లీ దాన్ని విప్పి వేరేది చేయడానికి కుదరదు. ఆ డబ్బుతో మంచి భూతద్దం, బలమైన అయస్కాంతం, గాజు ఉష్ణమాపకం, వంటింటి డిజిటల్ త్రాసు, కొలజాడీ, కొన్ని ఎల్‌ఈడీలు, మొసలి నోరు క్లిప్పులున్న తీగలు కొనుక్కుంటే పదో తరగతి దాకా పనికొస్తాయి. విడిగా కొనదగ్గది ఒకటుంది: స్టాన్‌ఫర్డ్‌లో మను ప్రకాశ్ బృందం రూపొందించిన ఫోల్డ్‌స్కోప్ అనే కాగితపు సూక్ష్మదర్శిని. దాదాపు 140 రెట్లు పెద్దదిగా చూపిస్తుంది. ఉల్లిపొర కణాలు, కుండీలో నిలిచిన నీటిలోని జీవులు బాగా కనబడతాయి.

నాలుగు కుటుంబాలు కలిస్తే

ఎంపికలన్నింటిలో నాకు ఎక్కువ ఇష్టమైనదీ, నడపడం ఎక్కువ కష్టమైనదీ ఇదే. మేము నాలుగు కుటుంబాలం కలిశాం. ఒకామె నర్సు, గుండె, రక్తప్రసరణ పాఠాలు ఆమెవి. స్టెతస్కోపు చెవిలో పెట్టి మెట్లు ఎక్కకముందు, ఎక్కాక నాడి లెక్కపెట్టించారు. ఇంకొకరి తండ్రిగారు షిప్‌యార్డులో వెల్డరుగా పనిచేసి రిటైరయ్యారు. లోహాలు వేడికి ఎలా సాగుతాయో, తుప్పు ఎందుకు పడుతుందో, ఓడ అడుగున జింకు దిమ్మలు ఎందుకు బిగిస్తారో తాతగారు చెబుతుంటే పిల్లలు కదలకుండా విన్నారు. ఇనుము కంటే ముందు జింకు తినేయబడి ఓడను కాపాడుతుందన్న విషయం పదో తరగతి పాఠంలో ఒక వాక్యంగా ఉంటుంది. మీ చుట్టూ ఉన్నవారిలో ఏ పని తెలిసినవారు ఎవరో ఒకసారి జాబితా రాసుకోండి. నౌకాదళం, పోర్టు, ఉక్కు కర్మాగారం, ఆసుపత్రులు, చేపల రేవు ఉన్న ఈ ఊళ్లో ఆ జాబితా చిన్నదిగా ఉండదు.

ఊరు కూడా మన పాఠశాలే. సముద్రపు ఒడ్డున అలలు వెనక్కి తగ్గిన చోట ఇసుక మీద నల్లటి చారలు కనబడతాయి. బలమైన అయస్కాంతాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఆ చారల మీద తిప్పితే నల్లటి రేణువులు ముళ్లపందిలా లేచి అతుక్కుంటాయి. సంచిలోంచి అయస్కాంతాన్ని బయటికి తీస్తే అన్నీ ఒక్కసారిగా రాలిపోతాయి. అవి ఇల్మనైటు, మాగ్నటైటు వంటి బరువైన ఖనిజాలు. మిగిలిన ఇసుకను భూతద్దం కింద పెడితే గులాబీ, ఎరుపు రంగుల గింజలు కనబడతాయి, అవి గార్నెట్లు. ఊరి చుట్టూ ఉన్న కొండల్లోని ఖోండలైటు రాయిలో అవే గార్నెట్లు ఉంటాయి. కొండ అరిగి, వాగులు మోసుకొచ్చి, అలలు వేరుచేసిన కథ పిల్లల అరచేతిలో ఉంటుంది. తెన్నేటి పార్కు దిగువన, రుషికొండ వైపు రాతి ఒడ్డుల్లో ఆటు సమయంలో రాళ్ల మధ్య నిలిచే నీటిగుంటల్లో శంఖాలు మోసుకు తిరిగే పీతలు, రాళ్లకు అంటుకుని పువ్వుల్లా కనిపించే సముద్రపు ఆనిమోన్లు కనబడతాయి. ఆటుపోట్లు రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతాయి గనుక వచ్చే ఆదివారం ఏ వేళకు వెళ్లాలో పిల్లల చేతనే లెక్క కట్టించవచ్చు. ఏ ప్రాణినీ ఇంటికి తేకూడదు. అలల వైపు వీపు పెట్టకూడదు. ఇద్దరు పిల్లలకు ఒక పెద్దవారైనా లేకుండా, వర్షాకాలంలోనూ అక్కడికి తీసుకువెళ్లకూడదు.

రామకృష్ణా బీచ్‌లోని కుర్సురా జలాంతర్గామి మ్యూజియం చూసి వచ్చిన రోజున లీటరు ప్లాస్టిక్ సీసా నిండా నీళ్లు పోసి, అందులో రంధ్రం లేని పెన్ను మూత అంచుకు బంకమట్టి అంటించి తేలేలా వదిలి, సీసా మూత బిగించి సీసాను నొక్కితే పెన్ను మూత మునుగుతుంది, వదిలితే పైకి వస్తుంది. నొక్కినప్పుడు లోపలి గాలి నలిగి, నీళ్లు ఎక్కి బరువవుతుంది. 91 మీటర్ల కుర్సురా కూడా తొట్లలోకి నీళ్లు తీసుకునే మునిగేది, ఒత్తిడితో నింపి ఉంచిన గాలితో ఆ నీటిని బయటికి నెట్టే తేలేది. విశాఖ భూమధ్యరేఖకు ఉత్తరంగా దాదాపు 17.7 డిగ్రీల మీద ఉంది కాబట్టి, మే రెండో వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో ఒకసారి సూర్యుడు మధ్యాహ్నం సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిటారుగా నిలబెట్టిన గొట్టానికి ఆ కొద్ది నిమిషాలు నీడే ఉండదు. ఆగస్టులో మబ్బు అడ్డం వస్తుంది గనుక మే నెలనే నమ్ముకోవాలి.

ఈ పద్ధతి కష్టమెక్కడంటే, పెద్దవాళ్ల మధ్య. ఒకరు ఆలస్యంగా వస్తారు, ఒకరు తమ వంతు వచ్చినప్పుడు ఊరెళ్తారు, పిల్లల వయసులు కలవవు. మా బృందం మొదటి ఏడాదే రెండుసార్లు విడిపోయేదాకా వచ్చింది. వంతులను మూడు నెలలకు ముందే రాసుకోవడం, వారానికి ఒక్కరోజు మించి కలవకపోవడం, పిల్లల వయసుల మధ్య తేడా మూడేళ్లు దాటకుండా చూసుకోవడం మొదలుపెట్టాక నిలదొక్కుకుంది. ప్రయోగమంటే భయపడేవారికి ఇంతకు మించిన దారి లేదు. పక్కన ఇంకో పెద్దవారు ఉంటే చాలు, ఆ భయం సగానికి సగం తగ్గుతుంది.

పరీక్ష దారి

విద్యాహక్కు చట్టం ఇంటి చదువును పేరు పెట్టి ప్రస్తావించలేదు. కాబట్టి మన పిల్లలకు గుర్తింపు ఉన్న సర్టిఫికెట్ వచ్చేది చివరికి పరీక్ష ద్వారానే. జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ, అంటే ఎన్‌ఐఓఎస్, పదో తరగతికి 14 ఏళ్లు నిండినవారిని చేర్చుకుంటుంది. ఏడాదికి రెండుసార్లు పబ్లిక్ పరీక్షలు జరుపుతుంది, ఒకసారి చేరితే ఐదేళ్లలోపు సబ్జెక్టులను విడివిడిగా పూర్తి చేసుకోనిస్తుంది. సైన్సుకు ప్రాక్టికల్స్ ఉంటాయి; అవి కేటాయించిన అధ్యయన కేంద్రంలో జరుగుతాయి. కేంద్రాన్ని ఎంచుకునేటప్పుడు దూరం కంటే ముందు అక్కడ ల్యాబు తెరుస్తున్నారో లేదో స్వయంగా వెళ్లి చూడాలి. రాష్ట్ర ఓపెన్ స్కూల్ కూడా ఇదే తీరులో పదో తరగతి, ఇంటర్ నడుపుతుంది. తెలుగులో రాయదలచిన పిల్లలకు, జిల్లా దాటి వెళ్లనివారికి అది వీలుగా ఉంటుంది. పదో తరగతి స్థాయి కేంబ్రిడ్జి ఐజీసీఎస్‌ఈ పరీక్షలను ప్రైవేటుగా రాసే అవకాశం ఉంది. ల్యాబు లేనివారి కోసం ప్రయోగానికి బదులు రాతపరీక్ష పేపరు కూడా ఉంది. అయితే ఖర్చు చాలా ఎక్కువ, ప్రైవేటు అభ్యర్థులను తీసుకునే కేంద్రం దొరికిందని నిర్ధారించుకోకుండా ఆ సిలబస్ మొదలుపెట్టకూడదు. మన దేశంలోనే ఇంటర్, డిగ్రీ చదివించాలనుకునే కుటుంబాలకు నేను ఎన్‌ఐఓఎస్‌నే చెబుతాను.

పరీక్ష గురించి బెంగపడేవారు పన్నెండేళ్లకే సిలబస్ పట్టుకుని కూర్చోవద్దు. పదమూడో ఏడు నిండేవరకు ప్రయోగాలూ పరిశీలనా పుస్తకమూ సాగనివ్వండి. పరిశీలన రాయడం అలవాటైన పిల్లలకు ప్రాక్టికల్ రికార్డు కొత్త కాదు. ఆ తర్వాత ఏడాదిన్నర పాత ప్రశ్నపత్రాలతో కూర్చుంటే సరిపోతుంది. మా పెద్దమ్మాయి ఇప్పుడు ఆ దశలో ఉంది. వారంలో నాలుగు రోజులు నేను చెబుతాను, శనివారం మేడం గారి దగ్గరికి ఇద్దరం కలిసే వెళ్తున్నాం, ఆదివారం కుటుంబాల వంతు. చిన్నవాడికి ఇప్పుడు మాస్టారు లేరు, ఆన్‌లైన్ లేదు. వాడు నిన్న గోడ మీది నోటు పుస్తకంలో, ఉప్పునీటిలో గుడ్డు తేలుతుంది కదా, వేడి ఉప్పునీటిలో కూడా తేలుతుందా అని రాశాడు. గుడ్లు తెచ్చి ఉంచాను, ఈ రాత్రి నేను ముందు చేసి చూడాలి.